పొయ్యి మీంచి దించాక ఒక గరిటె

పోయిన వారం తనిఖీ అధికారిని గుమ్మంలో నిలబెట్టి, ఒక బూటుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి, రెండోదానికి వేసుకునేలోగా మనం ఎవరి పనుల మీద వాళ్ళం పోయాం. పాపం, ఆయన ఏడు రోజులుగా ఒంటికాలి మీదే ఉన్నాడు. ముందు ఆయన్ని లోపలికి రానిద్దాం.

ఆయన తొడుగుతో కుస్తీ పడుతుండగా, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు. ఈ ఇంట్లో అత్తా కోడలూ టమాటా గుజ్జు వండి, సీసాల్లో పోసి అమ్ముతారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొడుకు ఎక్కడో దూరాన పని వెతుక్కుంటున్నాడు. ఇల్లు ఈ పొయ్యి మీదే నడుస్తోంది. ఇంట్లో వండింది నలుగురికి అమ్మాలంటే అనుమతి పత్రం కావాలి. కోడలు మూడు నెలలు ఆఫీసు మెట్లు అరగదీసి దాన్ని సంపాదించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది. ఏ విడత ఆ విడతే విడిగా వండాలి, ప్రతి సీసా మీదా విడత నంబరు వేయాలి, పులుపు కొలిచి పుస్తకంలో రాయాలి, దుకాణాలకు వేయకుండా తినేవాళ్ళ చేతికే అమ్మాలి, ఎవరికి అమ్మారో రాసుకోవాలి. పత్రంలో ఇంకా చాలా ఉన్నాయి గానీ మన కథకు ఇవి చాలు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను. పద్నాలుగో విడత మూడో సీసా తిన్న మనిషి ఆసుపత్రిలో ఉంది, అమ్మకం ఆపండి, రేపు పుస్తకంతో ఇంట్లో ఉండండి అని. కోడలు పుస్తకం తీసి వరస మీద వేలు పెట్టి చూసింది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. ఆ సంగతి అత్తగారికి చెప్పే ధైర్యం చాలక, ‘రేపు ఏదో మామూలు తనిఖీ అత్తయ్యా’ అని ఊరుకుంది. అక్కడ ఆగాం.

అధికారి లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో కలానికి బదులు సూదిలాంటి థర్మామీటరు పెట్టుకుని తిరుగుతాడు. అందుకే ఆయన్ని ఊళ్ళో వండి అమ్ముకునేవాళ్ళంతా థర్మామీటరు అనే పిలుస్తారు. ఆయన వస్తున్నాడంటే వీధి కుక్కలు కూడా మూతి కడుక్కుని కూర్చుంటాయట. పెళ్ళాం కాఫీ ఇస్తే ముందు దాన్ని గుచ్చి చూసి, అంకె నచ్చితేనే తాగుతాడని ఒక మాట ఉంది. నేను చూడలేదు. చూసినవాణ్ణి చూశానన్నవాణ్ణి మాత్రం చూశాను.

ఆయన ఫ్రిజ్‌లో గుచ్చాడు. కుళాయి తిప్పి, గడియారం చూస్తూ, వేణ్ణీళ్ళు రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టాడు. తెల్లటి గుడ్డ మీద బోర్లించిన ఖాళీ సీసాల్లో ఒకదాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. వెడల్పాటి స్టీలు గిన్నె అడుగున గోరుతో గీకి, గోరు వైపు చూసుకున్నాడు.

పెద్దావిడ కిటికీ కింద ముక్కాలి పీట మీద కూర్చుని ఇదంతా చూస్తోంది.

“నాయనా, అన్నిటినీ గుచ్చావు. నన్ను కూడా ఒకసారి గుచ్చి చూడు. డెబ్భై ఏళ్ళుగా ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను. ఉడికానో లేదో తెలుస్తుంది.”

“అత్తయ్యా,” అంది కోడలు మెల్లగా.

“ఊరుకోవే. నవ్వితే ఆయన చొక్కా మడతేం నలగదు.”

అధికారి నవ్వలేదు. నిజానికి ఆయన నవ్వబోయాడు, కానీ ఆ ఉదయం ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన మనిషి. నవ్వు సగం దారిలో ఆగిపోయింది.

“పుస్తకం చూపించండమ్మా.”

కోడలు పుస్తకం బల్ల మీద పెట్టింది. గీతలు గీసి, అంకెలు పొందిగ్గా రాసిన పుస్తకం. పులుపు కొలిచే కాగితపు ముక్కలు కూడా, రంగు మారినవి మారినట్టే, ఒక్కో విడత పక్కన అంటించి ఉన్నాయి. ఈ కాగితం సంగతి ఒక్క మాటలో చెబుతాను. గుజ్జులో పులుపు చాలినంత ఉంటే, గాలాడకుండా మూత బిగించినా సీసాలో విషం పుట్టదు. చాలకపోతే పుట్టవచ్చు. అందుకని వండగానే కాగితం ముంచి, మారిన రంగును పెట్టె మీది రంగులతో పోల్చుకుంటారు. పద్నాలుగో విడత పక్కన అంటించిన ముక్క ఉండాల్సిన రంగులోనే ఉంది.

అధికారి దాన్ని చాలాసేపు చూశాడు. తన సంచీలోంచి కొత్త రంగుల అట్ట తీసి పక్కన పెట్టి మళ్ళీ చూశాడు.

“దీన్ని ఎవరు కొలిచారు?”

“నేనే సార్. నిమ్మరసం పోసి, కలిపి, పొయ్యి మీద ఉండగానే కొలిచాను. అదయ్యాకే దించాం.”

“మూతలు?”

“సీసాలూ మూతలూ పత్రం ఇచ్చేముందు మీరు పెట్టిన క్లాసులో చెప్పినట్టే, ఇరవై నిమిషాలు మరిగించాం.”

“మరి నాకు అర్థం కావడం లేదమ్మా.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మీ పుస్తకం ప్రకారం ఇందులో ఏ తప్పూ లేదు. అయినా ఆవిడ పడిపోయింది. మొన్న పొద్దున సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించాయట. మధ్యాహ్నానికి మాట ముద్దగా వచ్చింది. రాత్రికి మంచినీళ్ళు కూడా మింగుడు పడలేదు. ఇప్పుడు మిషను పెట్టి ఊపిరి ఆడిస్తున్నారు.”

పీట మీద పెద్దావిడ కదిలింది.

“ఎవరు? సూది అంటున్నావు. మన కుట్టుపని పిల్లేనా? కళ్ళు తిరిగి పడిందన్నారు. తిండి సరిగ్గా తినక అనుకున్నాను. దానికీ మా పుస్తకానికీ ఏంటి సంబంధం?”

అధికారి కోడలి వైపు చూశాడు. కోడలు గోడ మీది పత్రం వైపు చూసింది.

“పెద్దమ్మగారికి చెప్పలేదా అమ్మా?”

“చెబుదామనే అనుకున్నాను సార్.”

“ఏం చెబుదామనుకున్నావే?” అని పెద్దావిడ లేచి నిలబడింది. “మామూలు తనిఖీ అన్నావు నాతో. రాత్రి నిద్రపోకుండా దొర్లుతుంటే దోమలా అని అడిగాను. దోమలే అన్నావు.”

“మన సీసా తిన్నాకే ఆవిడకి అలా అయిందంటున్నారు అత్తయ్యా. పద్నాలుగో విడత.”

పెద్దావిడ బల్ల మీది పుస్తకం వైపు ఒక అడుగు వేసింది.

ఇక్కడ పెద్దావిడ నాలుక గురించి చెప్పాలి. ఆ నాలుక మీద వీధిలో తిరిగే కథల్లో సగం కోసి పారేసినా మిగతా సగం నమ్మేలా ఉండవు. కుళాయి నీళ్ళు పుక్కిట పట్టి, పైపు ఏ సందులో పగిలిందో చెప్పిందట. నీళ్ళ శాఖవాళ్ళు వెళ్ళి తవ్వితే అక్కడే పగిలి ఉందట. గుజ్జు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, ఈ టమాటాలు కోసినవాడికి జ్వరం అంటే, ఆ తోట నుంచి మర్నాడు పనివాడు రాలేదని కబురు వచ్చిందట. ఆవిడ ఇవన్నీ కాదనదు. అవుననీ అనదు. గరిటె చప్పరించి ఊరుకుంటుంది.

“బాబూ,” అంది ఆవిడ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. “ప్రతి విడతా నేను రుచి చూశాకే సీసాలోకి పోతుంది. చెడింది నా నాలిక దాటి బయటికి వెళ్ళదు. ఆ పిల్ల ఇంకేదో తిని ఉంటుంది.”

“పెద్దమ్మగారూ, ఈ విషానికి రుచి లేదు.”

“వాసన వస్తుంది కదా.”

“వాసనా లేదు. రంగు మారదు, నురగ రాదు. మీకే కాదు, ఎవరికీ తెలియదు. ఒక చెంచాలో ఉన్నా చాలు, మనిషి పడిపోవడానికి.”

ఆవిడ పెదవులు లోపలికి మడుచుకుని, ఇంతకాలం నమ్మిన పనిమనిషి ఏదో ఎత్తుకుపోయిందని ఇప్పుడే తెలిసినట్టు, నోట్లో నాలికను ఒకసారి అటూ ఇటూ తిప్పుకుంది.

అధికారి సంచీలోంచి అచ్చు కాగితం ఒకటి తీశాడు.

“చూడండమ్మా, నేను మీ మీద కత్తి కట్టి రాలేదు. ఈ పుస్తకం చూశాక అసలే లేదు. ఇంత శ్రద్ధగా రాసేవాళ్ళు నా లెక్కలో నలుగురే ఉన్నారు. ఆ సీసాలో మిగిలింది పరీక్షకు పంపాం, ఫలితం ఎల్లుండి వస్తుంది. అందాకా పద్నాలుగో విడత పదకొండు సీసాలూ వెనక్కి తెప్పిస్తాను. మిగతా విడతలు ముట్టుకోను. మీ పత్రం గోడ మీదే ఉంటుంది. కాకపోతే దీని మీద సంతకం పెట్టాలి.”

“ఏముంది సార్ ఇందులో?”

ఆయన చదివాడు. పద్నాలుగో విడతలో వేరే విడతది ఏదీ కలవలేదు, అందులోది వేరే దేనిలోనూ కలపలేదు, ఇది నిజం. కింద చిన్న అక్షరాల్లో, ఇది అబద్ధమని తేలితే అనుమతి రద్దు, మళ్ళీ ఇవ్వరు, పైగా కేసు.

“అదెంత సార్, క్లాసులో మొదటి రోజే చెప్పారు కదా. ఏ విడతకు ఆ విడతే,” అంటూ కోడలు కలం అందుకుంది. నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి ఆమె ఊపిరి గుండెల దాకా వెళ్ళింది. పత్రం ఉంటుంది. పొయ్యి ఉంటుంది. ఆ కుట్టుపని ఆవిడ కూడా లేచి కూర్చోవాలని మనసులో మొక్కుకుంది. మొక్కుకుంటూనే కాగితం తన వైపు తిప్పుకుంది.

“బాబూ, ఒక్క మాట,” అంది పెద్దావిడ. “మిగతా విడతలు తిన్నవాళ్ళు, పదిహేను, పదహారు, వాళ్ళకు కూడా ఇది ఉంటే?”

“వాటికి సంబంధం లేదు కదా పెద్దమ్మగారూ.”

“ఉందనుకో. నీకు తెలియలేదనుకో. అప్పుడు?”

“అప్పుడు ఒక్కొక్కరికీ ఒకటి రెండుగా కనిపించడం మొదలవుతుంది. ముందే తెలిస్తే విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మంచిది. తెలియకపోతే నీరసం అనుకుని ఇంట్లోనే పడుకుంటారు. ఊపిరి ఆడనప్పుడు గానీ లేవరు. అప్పుడు లేచినా లాభం ఉండకపోవచ్చు.”

కోడలు కలం కాగితం మీద ఆనించింది. మొదటి అక్షరం సగం పడింది.

“సంతకం పెట్టకే.”

కోడలు తల ఎత్తింది.

“పెట్టకు అమ్మాయ్. నీ చేత అబద్ధం మీద సంతకం పెట్టించిన పాపం నాకు వద్దు. కలం కింద పెట్టు.”

“ఏమంటున్నారు అత్తయ్యా?”

పెద్దావిడ పొయ్యి వైపు నాలుగడుగులు వేసి, దాని గట్టు పట్టుకుంది. మనుషుల మొహం చూడకుండా, పొయ్యికే చెబుతున్నట్టు చెప్పింది.

“పాలకు తోడు వేస్తాం చూడు, అలాగ. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేశాను. కొత్త గుజ్జు ఎంత బాగా కుదిరినా దానికి దారి తెలియదు. పాతది ఒక గరిటె పడితే, ఆ రుచి వెంట నడుస్తుంది. పొయ్యి మీద ఉండగా వేస్తే పాతదాని సారం చచ్చిపోతుంది. దించాక, గిన్నె పక్కన చెయ్యి పెడితే ఓర్చుకునేంత వెచ్చగా ఉన్నప్పుడు వేయాలి.”

కోడలు కలం పక్కన పెట్టింది. “మానేశానన్నారు మీరు. క్లాసు నుంచి వచ్చిన రోజు ఇక్కడే నిలబడి నేను బతిమాలితే, సరేలే, మీ చదువే చదువు, మానేస్తాను అన్నారు.”

“అన్నాను. నేను రుచి చూశాక, నువ్వు సీసాలు మరిగించడానికి అటు తిరిగినప్పుడు వేసేదాన్ని.”

“ప్రతి విడతలోనా?”

“మొదటి దాని నుంచీ పదిహేడో దాని దాకా. ఒక్కటీ వదల్లేదు. వేశాక, కొత్తదాంట్లోంచి ఒక గరిటె మళ్ళీ పాతదాంట్లో కలిపేదాన్ని. అది తరగకూడదు కదా.”

అధికారి కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన మొహంలో రంగు, పులుపు కాగితం మారినట్టు, మెల్లగా పాలిపోయింది.

“పెద్దమ్మగారూ, ఆ పాతదాంట్లో నిమ్మరసం ఉందా?”

“నిమ్మరసమా? ఈ అమ్మాయి వచ్చాక మొదలైన గోల అది. నా పాత సీసాలో వెల్లుల్లి వేసి, పైన వేలెడు మందాన నూనె పోసి ఉంచుతాను. గాలి తగలదు, బూజు పట్టదు.”

“ఫ్రిజ్‌లోనా?”

“ఫ్రిజ్‌లో పెడితే నూనె గడ్డకట్టదూ? అలమరలోనే.”

ఆయన రెండు అరచేతులూ బల్ల మీద పెట్టి వాటి మధ్యకు చూశాడు. పులుపు చాలని గుజ్జు. వెల్లుల్లి. పైన నూనె. గాలి సోకని చోటు. చలి లేని అలమర. ఆ విషాన్ని పెంచి పెద్ద చేయమని ఎవరైనా పూనుకుని ఇల్లు కట్టించినా, ఇంతకన్నా మంచి ఇల్లు కట్టలేరు. దాన్ని మరిగించనైనా మరిగించలేదు. విషం చావకుండా, వెచ్చగా, ప్రేమగా, ఒక్కో గరిటె.

“కోడలమ్మా,” అన్నాడు, పుస్తకం ముందుకు తోస్తూ. “పద్నాలుగు నుంచి పదిహేడు దాకా ఎన్ని సీసాలు?”

“నలభై మూడు.”

“ప్రతిదాని పక్కనా ఫోను నంబరు ఉందా?”

“ఉంది సార్.”

“ఆఫీసులో ముగ్గుర్ని కూర్చోబెట్టి ఇప్పుడే చేయిస్తాను. అంతకు ముందరి విడతలకు కూడా. అది ఎప్పుడు చెడిందో మనకు తెలియదు.” ఆయన లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ కవరును తీశాడు. లాగలేదు, జాగ్రత్తగా దించాడు. “ఇది నేను తీసుకోవాలమ్మా.”

కోడలు తల ఊపింది. ఏడవలేదు. అత్తగారి వైపు తిరిగి, మూడు నెలలు మెట్లెక్కినప్పుడు కూడా రాని అలసటతో అంది.

“నాతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది అత్తయ్యా.”

“నువ్వు కూడా నాతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది,” అంది పెద్దావిడ. దెప్పుతున్నట్టు లేదు. ఆవిడ చెయ్యి ఇంకా పొయ్యి గట్టు మీదే ఉంది. “నిన్ననే చెప్పి ఉంటే.”

కోడలికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

“నిన్నే ఎందుకు?”

పెద్దావిడ గుమ్మం అవతల, వీధి చివరికి చూసింది.

“ఆ పాత సీసా ఇవ్వండి పెద్దమ్మగారూ,” అన్నాడు అధికారి, రెండు పొరల సంచీ ఒకటి విప్పుతూ. “చేతులకు తొడుగు వేసుకుని నేనే తీస్తాను. ఏ అలమరలో ఉంది?”

“లేదు బాబూ.”

“లేకపోవడమేంటి?”

“నిన్న దాకా ఉంది. ఈ పొద్దున…” ఆవిడ ఆగి, పొయ్యి గట్టు వదిలి మళ్ళీ మొదలుపెట్టింది. “ఆ కుట్టుపని పిల్ల ఆసుపత్రిలో ఉంది, దాని మొగుడు అక్కడే పడి ఉన్నాడు. ఇంట్లో ఆడపిల్లలిద్దరే. పొయ్యి వెలిగించే దిక్కు లేదు. పాపం, ఎండు రొట్టె ఏం తింటారు అనుకున్నాను. అమ్మే సీసా ఇస్తే పుస్తకంలో రాయాలంటుంది ఈ అమ్మాయి. ఇది ఎటూ నంబరు లేనిది, నాది, ఇంట్లో అన్నిటికన్నా మంచిది. రొట్టెలతో పాటు అదే ఇచ్చి వచ్చాను. బడి నుంచి అన్నానికి రాగానే రాసుకుని తినండర్రా, బాగా దట్టంగా రాసుకోండి అని చెప్పాను.”

కోడలు అధికారి వైపు తిరిగింది. “వాళ్ళకు తెలుసు కదా సార్? గుజ్జు వల్లనని ఆ ఇంట్లో చెప్పారు కదా?”

అధికారి సంచీ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

“ఫలితం వచ్చాక చెబుదామనుకున్నాం,” అన్నాడు. “అనుమానం మీద ఒక ఇంటి పేరు చెడగొట్టకూడదని, నేనే ఆపాను.”

ముగ్గురూ ఒకేసారి గోడ గడియారం చూశారు. బడి వదిలి పది నిమిషాలైంది.

అధికారి అప్పటికే గుమ్మం దాటాడు. బూట్ల తొడుగులు నేల మీద జారుతుంటే, గోడ పట్టుకుని, వీధిలోకి పరుగెత్తాడు. కోడలు పుస్తకంలో పద్నాలుగో విడత, మూడో సీసా వరస వెతికి, పక్కనున్న ఆ ఇంటి నంబరు నొక్కింది. వేలు జారి ఒకసారి తప్పు పడింది. మళ్ళీ నొక్కింది. పెద్దావిడ దగ్గరగా వచ్చి, కోడలి భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక ఆగిపోయింది.

అవతల ఫోను మోగుతోంది. నాలుగుసార్లు. ఏడుసార్లు. పదోసారి ఎవరో ఎత్తారు.

“హలో,” అంది ఒక చిన్నపిల్ల గొంతు, నోట్లో ముద్ద ఇంకా నములుతూ.